నీడను చూసి దొంగను పట్టగలమా?

చీకటి గదిలో దీపానికీ గోడకూ మధ్య ఒక గాజు పలకను, ఒక అట్టముక్కను పట్టుకొని చూడండి. అట్ట నీడ చిక్కగా పడుతుంది. గాజు నీడ పలచగా ఉంటుంది. వెలుగును ఎంత అడ్డుకుంటే నీడ అంత చిక్కన. ఛాతీ ఎక్స్-రేలో ఉన్న సూత్రం కూడా ఇదే.

ఎక్స్ కిరణాలను 1895లో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ కనుగొన్నాడు. ఇవి తగిలిన చోట ఫిల్ము నల్లబడుతుంది. కనుక ఇక్కడ నీడ తెల్లగా ఉంటుందని గుర్తుంచుకోండి. ఎముకలోని కాల్షియం ఈ కిరణాలను బాగా అడ్డుకుంటుంది. గాలి దాదాపు అడ్డుకోదు. అందుకే ఫిల్ములో పక్కటెముకలు, గుండె తెల్లగానూ, గాలితో నిండిన ఊపిరితిత్తులు నల్లగానూ కనిపిస్తాయి.

మరి క్షయ సోకితే ఏమవుతుంది? 1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టిన క్షయ బాక్టీరియా పొడవు 2 నుంచి 4 మైక్రోమీటర్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక మైక్రోమీటరు. ఇంత చిన్న జీవి ఎక్స్-రేలో కనిపించదు. అది చేసిన నష్టం మాత్రం కనిపిస్తుంది. వ్యాధి సోకిన చోట గాలి గదులు ద్రవంతో, కణాలతో నిండిపోయి ఫిల్ములో తెల్లని మచ్చ పడుతుంది. పెద్దవారిలో ఇవి తరచుగా ఊపిరితిత్తుల పై భాగాన ఉంటాయి. కణజాలం మెత్తబడి దగ్గుతో బయటికి పోతే, తెల్లని అంచుగల నల్లని గుంట మిగులుతుంది. చిన్నపిల్లల్లో ఊపిరితిత్తుల మొదట్లో ఉన్న లింఫు గ్రంథులు ఉబ్బవచ్చు.

మెడలోని గ్రంథులు ఉబ్బితే అల్ట్రాసౌండు ఉపయోగపడుతుంది. ఇది మన చెవికి వినపడని ధ్వనిని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనులతో బొమ్మ తయారుచేస్తుంది. ఛాతీ లోపల దాగిన గ్రంథులను చూడడానికి సి.టి. స్కాన్ ఉంది. అది అన్ని వైపులనుంచీ ఎక్స్ కిరణాలను పంపి, శరీరాన్ని రొట్టె ముక్కలుగా కోసినట్లు పొరలు పొరలుగా చూపుతుంది.

మచ్చ కనబడగానే క్షయ అనేయవచ్చా? అనకూడదు. న్యుమోనియాలో మచ్చ ఉంటుంది, కాన్సరులో ఉంటుంది, ఎప్పుడో మానిన పాత క్షయలోనూ ఉంటుంది. నేలలో, నీటిలో బతికే క్షయ బాక్టీరియా బంధువులు కొన్ని కూడా ఇలాంటి గుర్తులే చేయగలవు. వాటికి మందులు వేరు. నీడ అనుమానాన్ని కలిగిస్తుంది. దొంగను పట్టించేది కఫం (కళ్ళె) పరీక్ష. గ్రంథి అయితే సూదితో కాస్త నమూనా తీసి పరీక్షిస్తారు. సూది సరైన చోట దిగడానికి అల్ట్రాసౌండు దారి చూపుతుంది.

అయితే ఎక్స్-రే అనవసరమా? 2019-21లో మన దేశమంతటా క్షయ సర్వే జరిగింది. దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడిగి మాత్రమే ఊరుకుని ఉంటే, అందులో బయటపడిన రోగుల్లో నూటికి 42 మందికి పైగా గుర్తింపుకు వచ్చేవారు కాదు. వారిని అనుమానించేలా చేసింది ఎక్స్-రేయే. అనుమానించనిదే పరీక్ష లేదు, పరీక్ష లేనిదే మందు లేదు.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు ఇంట్లో ఉంటే ఆస్పత్రికి పంపండి. సక్రమంగా మందులు వాడితే క్షయ నయమవుతుంది.

ఆలోచించండి:
1. ఎక్స్-రే తీసేటప్పుడు ఊపిరి బాగా పీల్చి బిగబట్టమంటారు. ఎందుకు?
2. గాలితో నిండిన ఊపిరితిత్తి లోపలి భాగాన్ని అల్ట్రాసౌండు సరిగా చూపలేదు. కారణమేమిటి?