పసివారి ముఖం చెప్పేదేమిటి? చెప్పనిదేమిటి?

"నుదురు విశాలంగా ఉంది, గొప్ప చదువరి అవుతాడు." "పెదవులు పలుచన, నోటి దురుసు పిల్ల అవుతుంది." బిడ్డను చూడవచ్చిన పెద్దలు ఇటువంటి మాటలు అనడం మన ఇళ్ళలో పరిపాటి. పలాస, టెక్కలి ప్రాంతాల తల్లులు కూడా "వీడి ముఖం చూసి గుణం చెప్పండి" అని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఉద్దానం తీరగ్రామాలలో ఈ ప్రశ్న వేడుకతో ఆగిపోదు. ఒక ఉదయం పిల్లవాని కనురెప్పలు ఉబ్బితే చాలు, ఇంటిల్లిపాదీ మూత్రపిండాల వ్యాధేమోనని తల్లడిల్లిపోతారు. అందువల్ల ముఖంలో దేనిని చదవవచ్చునో, దేనిని చదవరాదో తల్లిదండ్రులు స్పష్టంగా తెలుసుకోవడం అవసరం.

శాస్త్రం చెప్పిన ముఖపరీక్ష

ఆయుర్వేదంలోని అష్టవిధ పరీక్షలలో నేత్రాలను చూడడం, ఆకృతిని చూడడం కూడా ఉన్నాయి. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం దీర్ఘాయువు గల శిశువు లక్షణాలను వివరిస్తూ కేశాలు, నుదురు, చెవులు, కనుబొమలు, నాసిక, పెదవులను వర్ణిస్తుంది. చాలామంది ఇంతవరకే చెప్పి ఆపుతారు. అయితే ఆ వర్ణన అక్కడ ముగియదు. శిశువు నిద్ర, మెలకువ, నవ్వు, ఏడుపు, చనుబాలు తాగే తీరు, మలమూత్రాలు సహజంగా ఉండాలని కూడా అందులోనే ఉంది. అంటే ఆచార్యులు ముక్కు తీరును మాత్రమే చూసి తీర్పు చెప్పలేదు.

కాశ్యప సంహితలోని వేదనాధ్యాయం మరింత ఉపయోగకరమైనది. మాటలు రాని శిశువు బాధను ఎలా గుర్తించాలో అది బోధిస్తుంది. తలనొప్పి ఉన్న బిడ్డ తలను అటూ ఇటూ కదుపుతూ కళ్ళు మూసుకుంటాడనీ, చెవిపోటు ఉంటే చేతులతో చెవులను తాకుతాడనీ చెబుతుంది. ముఖంలో చదవవలసినది అవయవాల ఆకారాన్ని కాదు, వాటిలో కలిగే మార్పును.

ముఖం చూసి గుణం చెప్పవచ్చునా?

చెప్పలేము. ఈ నమ్మకం మన సాముద్రికానికే పరిమితం కాదు. ఇటలీకి చెందిన లాంబ్రోసో 1876లో ప్రచురించిన గ్రంథంలో నేరస్థులను ముఖలక్షణాలతో గుర్తించవచ్చునని వాదించాడు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ దాదాపు 3000 మంది ఖైదీల కొలతలు తీసి, ఇతరులతో పోల్చి, అటువంటి ప్రత్యేక ముఖలక్షణాలేవీ లేవని 1913లో నిరూపించాడు.

మరొక విషయం. ఆయుర్వేదం ప్రకారం బాల్యం కఫప్రధానమైన వయస్సు. బుగ్గల నునుపు, ముఖం గుండ్రదనం ఆ వయసు సొత్తు. దానిని చూసి బిడ్డ ప్రకృతిని నిర్ణయించడం తొందరపాటు.

స్వభావం ప్రవర్తనలో తెలుస్తుంది. అమెరికాలో థామస్, చెస్ అనే వైద్య దంపతులు 1956లో ప్రారంభించిన అధ్యయనంలో శిశువులను ఏళ్ళ తరబడి గమనించారు. కొందరు కొత్తవారితో, కొత్త ఆహారంతో త్వరగా సర్దుకుంటారు. కొందరు నెమ్మదిగా అలవాటు పడతారు. కొందరికి ప్రతి మార్పూ కష్టమే. నెమ్మదిగా కలిసే పిల్లను "మొద్దు" అనీ, చురుకైన వాడిని "రౌడీ" అనీ పిలిస్తే, ఆ పేరు ముఖరేఖల కంటె బలంగా వారి గుణాన్ని మలుస్తుంది.

స్నానవేళ ఒక హెచ్చరిక

ముక్కు సూదిగా రావాలని నొక్కడం, తల గుండ్రంగా రావాలని అదమడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. నొక్కినందువల్ల ముక్కు తీరు మారదు. నూనె ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. ఒంటికి కొబ్బరినూనెతో మృదువుగా మర్దన చాలు.

వికాసాన్ని చూపే గుర్తులు

- రెండు నెలలు నిండేసరికి తల్లి ముఖం చూసి నవ్వాలి.
- నాలుగు నెలలు దాటాక మెల్లకన్ను నిలిచి ఉంటే నేత్రవైద్యునికి చూపించాలి. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.
- సంవత్సరం నిండేసరికి పేరు పిలిస్తే తిరిగి చూడాలి. చూడకపోతే వినికిడిని పరీక్షించాలి.
- నవజాత శిశువుకు ముఖం ఉబ్బుగా, నాలుక పెద్దదిగా ఉండి, కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. మొదటి వారాలలోనే చికిత్స మొదలైతే బిడ్డ బుద్ధివికాసం దెబ్బతినదు.
- పిల్లవాడు ఎల్లప్పుడూ నోరు తెరిచి, గురక పెడుతూ నిద్రిస్తే ముక్కు వెనుక గ్రంథుల వాపును అనుమానించాలి. వాడిని మందబుద్ధి అనుకోరాదు.

ఉద్దానం తల్లులకు ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో కనిపించే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ప్రధానంగా పెద్దవారికి వచ్చేది. దానికి ఫలానాదే కారణమని పరిశోధకులు ఇంతవరకు నిర్ధారించలేదు. అది చాలామందిలో తొలిదశలో ముఖం వాపు లేకుండానే పెరుగుతుంది. కనుక ముఖం బాగుంది కదా అని పెద్దవారు రక్తపరీక్షను వాయిదా వేయరాదు.

పిల్లల సంగతి వేరు. ఉదయం లేవగానే కనురెప్పలు ఉబ్బి, సాయంత్రానికి వాపు కాళ్ళలోకి దిగి, మూత్రం నురుగుగా వస్తే అది తరచుగా నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే వ్యాధి. ఎక్కువమంది పిల్లలలో ఇది మందులకు లొంగుతుంది. భయంతో దాచిపెట్టడమూ, పసరు మందులతో వారాలు గడపడమూ రెండూ ప్రమాదకరమే. మూత్రపరీక్ష అదేరోజు చేయించాలి. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. వాపుతో పాటు మూత్రం ఎర్రగా వచ్చినా, తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేకుండా పిల్లలకు గానీ, పెద్దలకు గానీ వాడరాదు.

పాలిపోయిన ముఖం, మచ్చలు

క్రింది కనురెప్పను మెల్లగా లాగి చూడండి. లోపల ఎరుపు తగ్గి తెల్లబారి ఉంటే రక్తహీనతను అనుమానించాలి. దీనిని మన గ్రంథాలు పాండురోగంగా వర్ణించాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లలలో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మందకొడిగా, చిరాకుగా ఉండే పిల్ల గుణం చెడ్డది కాకపోవచ్చు. రక్తం చాలకపోయి ఉండవచ్చు. మునగాకు పప్పు, చోడి అంబలి, నువ్వుల ఉండలు, మాంసాహారులైతే చేపలు ఇవ్వాలి. ఆకుకూరలపై నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉంటే ఆహారం ఒక్కటే చాలదు, వైద్యుడిచ్చే మందు కూడా వాడాలి.

కంటి తెల్లగుడ్డుపై నురుగువంటి మచ్చ, రేచీకటి ఉంటే అది విటమిన్ ఎ లోపం. తొమ్మిదవ నెల నుండి అయిదేళ్ళ వరకు ఇచ్చే విటమిన్ ఎ మోతాదులు మానరాదు. బొప్పాయి, మునగాకు పెట్టాలి.

బుగ్గలపై పాలిపోయిన మచ్చలను పొట్టలో పురుగుల వల్ల వచ్చాయంటారు. ఇవి సాధారణంగా చర్మం పొడిబారడం వల్ల వచ్చేవి. రోజూ కొబ్బరినూనె రాస్తే క్రమంగా తగ్గుతాయి. మచ్చపై స్పర్శ తెలియకపోతే మాత్రం తప్పక వైద్యునికి చూపించాలి.

తల్లులకు నా సూచన ఒక్కటే. నెలకొకసారి బిడ్డను ఉదయపు వెలుతురులో కూర్చోబెట్టి కళ్ళు, రెప్పలు, పెదవులు, చర్మం, నవ్వు గమనించి, తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అంగన్‌వాడీలో తీసిన బరువు, ఎత్తు కూడా దాని పక్కనే రాయండి. మార్పు కనిపిస్తే ఆ పుస్తకంతోనే వైద్యుని వద్దకు వెళ్ళండి. బిడ్డ పెద్దయి ఏమవుతాడో అది చెప్పదు. ఈనాడు వానికి ఏమి కావాలో చెబుతుంది.