పులుపే దాని బలం

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఉంటున్నాను. ఇక్కడివాళ్లు మెచ్చుకునే ముస్కాదే వైట్ వైన్ నాకు పుల్లనీళ్లలా అనిపించింది. దేనితో తాగాలి?

జవాబు: ఒట్టిగా తాగితే చాలామందికి అలాగే అనిపిస్తుంది. ముస్కాదేలో తీపి ఉండదు, సువాసనా తక్కువే. నిమ్మ, పచ్చి ఆపిల్, చివర్లో సన్నని ఉప్పదనం, అంతే. ఆ పులుపు పనికొచ్చేది పళ్లెంలో సముద్రపు తిండి ఉన్నప్పుడే. పచ్చి ఆల్చిప్పలతో తాగి చూడండి. వాటి ఉప్పునీటి రుచికి పైన నిమ్మకాయ పిండినట్టే ఉంటుంది. మీ ఊరి వెన్న సాస్ బర్‌బ్లాఁతో వండిన చేపకూ ఇదే సరైన జోడీ, వెన్న జిడ్డును కోసేస్తుంది.

సీసా మీద 'సుర్ లీ' అని ఉన్నది కొనండి. పులిశాక అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు. దాంతో కాస్త నిండుదనం, నాలుక మీద చిన్న చురుకు వస్తాయి. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం చాలు. మరీ గడ్డకట్టిస్తే ఉన్న రుచీ పోతుంది.

ఇంట్లో చేపల పులుసు చేసుకున్న రోజు మాత్రం సీసా తియ్యకండి. చింతపండు, కారం కలిసి దీన్ని మింగేస్తాయి. కారం తగ్గించిన రొయ్యల వేపుడైతే పర్వాలేదు.