నీటి అడుగున వీడియోకి చిన్న లైటు

ప్రశ్న: స్కూబా డైవింగ్‌లో వీడియో తీయడానికి 10,000 ల్యూమెన్ల చిన్న లైటు సొంతంగా తయారు చేస్తున్నాను. ఎల్ఈడీ, బ్యాటరీలు కొన్నాను. ఇంకా ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు వేడి సంగతి చూడండి. అంత వెలుగుకి దాదాపు 100 వాట్లు కావాలి. అందులో సగానికి పైగా వేడిగానే పోతుంది. ఎల్ఈడీ పలకను థర్మల్ పేస్టు రాసి అల్యూమినియం బాడీకే బిగించండి, చల్లార్చే పని సముద్రం చూసుకుంటుంది. ఒడ్డున వెలిగిస్తే మాత్రం నిమిషాల్లో మాడిపోవచ్చు. కాబట్టి వేడెక్కగానే కరెంటు తగ్గించే సర్క్యూట్ ఉండి తీరాలి.

చాలామంది పట్టించుకోనిది ముందుండే గాజు ఆకారం. గాలిలో 120 డిగ్రీలు పరుచుకునే వెలుగు, చదును గాజు దాటి నీటిలోకి వెళ్లేసరికి వక్రీభవనం వల్ల 80 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. వైడ్ లెన్సు వాడితే ఫ్రేము అంచులు చీకటే! నన్నడిగితే గుమ్మటం గాజే పెట్టమంటాను. 40 మీటర్ల లోతున 6 సెంటీమీటర్ల వ్యాసమున్న గాజు మీద 110 కిలోలకు పైగా బరువు పడుతుంది, మందం దగ్గర పిసినారితనం వద్దు. నీళ్లు లోపలికి చొరబడకుండా ఓ-రింగులు రెండు వేయండి.

5,000 ఎంఏహెచ్ 21700 సెల్స్ నాలుగైతే సుమారు 72 వాట్-అవర్లు, అంటే 40 నిమిషాలు. ఎరుపును నీళ్లు కొద్ది మీటర్లలోనే మింగేస్తాయి గనుక, ల్యూమెన్లు కాస్త తగ్గినా సరే, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ 90 దాటిన ఎల్ఈడీనే వాడండి.