పంట తెగుళ్లు - జన్యు విజ్ఞానం: విద్యార్థులకు వేసవి పరిశోధనావకాశాలు

పంటకు సోకే తెగులు ఎల్లలను ఎరుగదు. గాలిలో తేలివచ్చే శిలీంధ్ర బీజం, విత్తనంతోపాటు ప్రయాణించే సూక్ష్మజీవి జిల్లాలను, రాష్ట్రాలను, దేశాలను దాటిపోతాయి. కనుక తెగుళ్లను అరికట్టే కృషి కూడా ఒక ప్రాంతానికి పరిమితమై ఉండజాలదు. ఈ కృషిలో కళాశాల విద్యార్థులు సైతం తమ వేసవి సెలవులలో పాలుపంచుకొనేందుకు నేడు అవకాశం ఉంది. దాని విలువ తెలియాలంటే ముందుగా నేపథ్యాన్ని పరిశీలించాలి.

చరిత్ర చెప్పే పాఠం

1942లో బెంగాల్‌లో వరి పంటకు గోధుమరంగు మచ్చ తెగులు తీవ్రంగా సోకింది. మరుసటి ఏడాది లక్షలాది ప్రాణాలను బలిగొన్న కరువుకు యుద్ధకాలపు విధానాలు, ధరల పెరుగుదల, ధాన్యం పంపిణీలోని లోపాలు ముఖ్య కారణాలని ఆర్థికవేత్తలు వివరించారు. అయినప్పటికీ ఆ సంక్షోభంలో తెగులు వహించిన పాత్రను శాస్త్రజ్ఞులు విస్మరించలేదు. ఆ అనుభవం నేపథ్యంలోనే 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలసింది.

గోధుమ త్రుప్పు తెగులు విషయంలో ఆగ్రా కళాశాల ఆచార్యుడు కరంచంద్ మెహతా చేసిన పరిశోధన చిరస్మరణీయమైనది. మైదానాల మండుటెండలకు ఈ శిలీంధ్ర బీజాలు నశిస్తాయి. కాని చల్లని కొండ ప్రాంతాలలో అవి వేసవిని గడిపి, పంటకాలంలో గాలి వెంట తిరిగి మైదానాలకు దిగివస్తాయని ఆయన నిరూపించారు. ఒక ప్రాంతపు పంటను కాపాడుకోవాలంటే మరొక ప్రాంతపు కొండలను కనిపెట్టి ఉండాలన్న సత్యం ఆనాడే వెల్లడైంది.

జన్యు సముదాయ పఠనం

ప్రతి జీవి లక్షణాలకు మూలమైన సమాచారం దాని కణాలలోని డి.ఎన్.ఎ.లో నిక్షిప్తమై ఉంటుంది. నాలుగే అక్షరాలతో లిఖితమైన ఈ సమాచారాన్ని మొత్తంగా జన్యు సముదాయం లేక జీనోమ్ అంటారు. వరి జీనోమ్‌లో సుమారు 39 కోట్ల అక్షరాలు ఉన్నాయి. అనేక దేశాలు కలిసి ఈ వరి జీనోమ్‌ను చదివి 2005లో ప్రకటించాయి. వరిలోని 12 క్రోమోజోములలో పదకొండవ దానిలో కొంత భాగాన్ని చదివే బాధ్యతను భారతీయ శాస్త్రజ్ఞులు నిర్వహించారు.

తెగుళ్ల అధ్యయనానికి ఈ విద్య రెండు విధాలుగా తోడ్పడుతుంది. తెగులు కలిగించిన సూక్ష్మజీవి ఏది, దాని బంధువులు ఎక్కడ ఉన్నాయి అన్నది మొదటిది. మొక్కలోని ఏ జన్యువు ఆ తెగులును తట్టుకుంటుంది అన్నది రెండవది.

మొదటిదానికి బంగ్లాదేశ్ అనుభవం చక్కని ఉదాహరణ. 2016 ఫిబ్రవరిలో ఆ దేశంలోని ఎనిమిది జిల్లాలలో సుమారు 15,000 హెక్టార్ల గోధుమ పైరుకు అగ్గి తెగులు సోకింది. అంతకుముందు ఆసియాలో ఎన్నడూ గోధుమపై కానరాని తెగులు ఇది. పొలాలలో సేకరించిన నమూనాల జన్యు సమాచారాన్ని శాస్త్రజ్ఞులు చదివి, ఇతర దేశాలవారు పరిశీలించేందుకు వీలుగా బహిరంగపరిచారు. దక్షిణ అమెరికాలో గోధుమను పీడిస్తున్న శిలీంధ్ర శాఖే ఇక్కడకూ చేరినట్లు ఆ ఏడాదిలోనే తేలింది. పొరుగునే ఉన్న పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ముందుజాగ్రత్తగా 2017లో ముర్షిదాబాద్, నదియా జిల్లాలలో గోధుమ సాగును కొంతకాలం నిలిపివేయించింది.

రెండవదానికి ఉదాహరణ తెలుగువారి కంచంలోనే ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, రుచికి పేరెన్నికగన్నదే గాని బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. ఈ తెగులును ఎదుర్కొనగల ఒక జన్యువు ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిలో ఉంది. ఆ మొక్కకు గల నిరోధక శక్తిని కటక్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానిని సాగు వరిలోకి తెచ్చింది. లూధియానాలో దానికి మరి రెండు జన్యువులు జతచేసి పంజాబు వంగడంలో నిలిపారు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి ఆ మూడింటిని సాంబ మసూరిలో ప్రవేశపెట్టాయి. ఏ నారుమొక్కలో ఆ జన్యువులు ఉన్నవో తెగులు సోకేవరకు వేచి ఉండక, డి.ఎన్.ఎ. పరీక్షతోనే ఎంపిక చేశారు. ఆ మెరుగైన వంగడం 2008లో విడుదలైంది. ఒక్క గింజ వెనుక ఇన్ని ప్రాంతాల శ్రమ ఉండడం గమనార్హం.

వేసవిలో రెండు నెలలు

ఇట్టి కృషిలోకి ప్రవేశించడానికి పెద్ద నగరాలలో పుట్టి ఉండవలసిన పని లేదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ, ఢిల్లీలోని భారతీయ జాతీయ విజ్ఞాన అకాడమీ, ప్రయాగరాజ్‌లోని జాతీయ విజ్ఞాన అకాడమీ కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లను నిర్వహిస్తూ వచ్చాయి. ఎంపికైన విద్యార్థులు, అధ్యాపకులు రెండు నెలలపాటు దేశంలోని ఏదేని ఒక పరిశోధనాలయంలో అనుభవజ్ఞుడైన శాస్త్రజ్ఞుని వద్ద పనిచేస్తారు. భృతి, రైలు ఖర్చులు కూడా లభిస్తాయి. జీవశాస్త్రాల విద్యార్థులకే కాక గణితం, ఇంజనీరింగు చదివేవారికీ ఇందులో స్థానం ఉంది. జన్యు సమాచార విశ్లేషణకు గణితం, కంప్యూటరు పరిజ్ఞానం ఎంతో అవసరం.

దరఖాస్తులను సాధారణంగా ముందటి శీతాకాలానికే పంపవలసి ఉంటుంది. కనుక వేసవి వచ్చిన తరువాత ఆలోచిస్తే ప్రయోజనం లేదు. తాను ఏ సమస్యను అధ్యయనం చేయదలచినదీ విద్యార్థి స్వయంగా వ్రాయాలి. అధ్యాపకుని సిఫారసు కూడా జతపరచాలి. 'జీవశాస్త్రమంటే ఆసక్తి' అని వ్రాయడం కంటె, తన ఊరి వరిలో ప్రతి ఏటా కనిపించే ఒక తెగులును పేర్కొని, దానిని గురించి ఏమి తెలుసుకోగోరుతున్నదీ స్పష్టంగా వ్రాయడం మేలు.

రెండు నెలలలో గొప్ప ఆవిష్కరణను ఆశించరాదు. ఆకునుండి డి.ఎన్.ఎ. తీయడం, ఒక జన్యువు ఉన్నదీ లేనిదీ పరీక్షించడం, బహిరంగంగా లభించే జన్యు సమాచారాన్ని పోల్చి చూడడం, ఫలితాలను నిజాయితీతో నమోదు చేయడం అలవడితే అదే గొప్ప సంపాదన. నమూనాతోపాటు తేదీ, స్థలం, వంగడం పేరు, వాతావరణ స్థితి వ్రాసి ఉంచడం మరువరాదు. అవి లేని ఆకు శాస్త్రానికి పనికిరాదు. తెగులు సోకిన ఆకులను మార్గదర్శకుని అనుమతి లేకుండా ఒక ప్రాంతంనుండి మరొక ప్రాంతానికి తీసుకొని పోరాదు. రోగాన్ని అధ్యయనం చేయబోయి దానిని వ్యాపింపజేసే ప్రమాదం ఉంది.

తెలుగు విద్యార్థి లూధియానాలోనో, అస్సాం విద్యార్థిని హైదరాబాదులోనో వేసవి గడిపినప్పుడు నేర్చుకొనేది ప్రయోగశాల విద్య ఒక్కటే కాదు. మరొక ప్రాంతపు పంటను, రైతు కష్టాన్ని సన్నిహితంగా చూడగలుగుతారు. మారుమూల పొలంలో కొత్త మచ్చ కనిపించిన రోజున దానిని ముందుగా గుర్తించి, సకాలంలో నిపుణులకు తెలియజేయగల శిక్షితులు ప్రతి జిల్లాలోనూ ఉండాలి. వారిని తయారు చేయడానికి కళాశాల గ్రంథాలయాలు, అధ్యాపకులు ఈ సమాచారాన్ని సకాలంలో విద్యార్థుల దృష్టికి తీసుకొని రావలసిన అవసరం ఎంతైనా ఉంది.