హొమారె సావా – జపాన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి

ఈసారి ఆటల శీర్షికలో జపాన్ దేశపు హొమారె సావా గురించి తెలుసుకుందాం.

ఈమె 1978 సెప్టెంబరు 6న టోక్యో ప్రాంతంలోని ఫుచూలో జన్మించింది. చిన్నప్పుడు అన్న ఆడుతుంటే చూసి, మగపిల్లల జట్టులోనే ఆట నేర్చుకుంది. 12 ఏళ్ళకే మహిళల క్లబ్బులో చేరింది. 1993 డిసెంబరులో ఫిలిప్పీన్స్ మీద దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడి 4 గోల్స్ కొట్టింది. అప్పటికి ఆమె వయసు 15. అంటే మన పదో తరగతి అక్కల వయసే!

సావా ఆడేది మధ్య వరుసలో. దీన్ని మిడ్‌ఫీల్డ్ అంటారు. ఇక్కడ పరుగు ఎక్కువ, పేరు తక్కువ. అవతలివాళ్ళ దగ్గర బంతి లాక్కోవాలి, మనవాళ్ళకు అందించాలి, సందు దొరికితే ముందుకెళ్ళి గోల్ కూడా కొట్టాలి. మనమేమో ముందు వరుస కోసమే కొట్లాడుకుంటాం గాని, ఆట నడిచేది మధ్యలోనే.

1999లో అమెరికా వెళ్ళి ఆడింది. అక్కడి మహిళల లీగు 2003లో మూతపడగా మళ్ళీ జపాన్ వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు నాలుగో స్థానమే దక్కింది. కష్టమనిపిస్తే నా వీపు చూసి పరుగెత్తండని అప్పుడు తోటివాళ్ళకు చెప్పిందట. చివరిదాకా తాను ఆగనని దాని అర్థం.

ఇక 2011. మార్చి 11న జపాన్‌లో పెద్ద భూకంపం, దాని వెంటే సునామీ. చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 18 వేలకు పైనే. నాలుగు నెలలైనా కాకముందే జర్మనీలో ప్రపంచ కప్పు మొదలైంది. జర్మనీతో క్వార్టర్ ఫైనల్‌కు ముందు కోచ్ ససాకి గారు ఆటగాళ్ళకు సునామీ దృశ్యాలు చూపించాడు. ఆ మ్యాచ్ 1-0తో గెలిచారు.

జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫైనల్, అమెరికాతో. అంతవరకు జపాన్ అమెరికాను ఒక్కసారి కూడా ఓడించలేదు. అదనపు సమయంలో అమెరికా 2-1తో ముందుంది. 117వ నిమిషంలో జపాన్‌కు కార్నర్ కిక్. ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. అమెరికావాళ్ళు పొడగరులు. గోల్ ముందర గుంపులో వాళ్ళతో సమానంగా ఎగిరి తలతో కొట్టడం కష్టం. అందుకని మియామా బంతిని దగ్గరి గోల్ స్తంభం వైపు కొట్టింది. సావా గుంపులోంచి ఒక్క ఉదుటున ముందుకొచ్చి, కుడికాలి బయటి అంచుతో బంతిని వెనక్కి మళ్ళించింది. గోల్! 2-2. పి.ఇ.టి. సారును అడిగి గ్రౌండులో గీతలు గీసుకుని ప్రయత్నించండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

పెనాల్టీలలో జపాన్ 3-1తో గెలిచింది. ఆసియా నుంచి ప్రపంచ కప్పు గెలిచిన మొదటి జట్టు ఇదే. సావా 5 గోల్స్‌తో బంగారు బూటు, ఉత్తమ క్రీడాకారిణిగా బంగారు బంతి రెండూ పొందింది. ప్రతి మ్యాచ్ అయ్యాక జట్టంతా, సాయం చేసిన ప్రపంచ మిత్రులకు కృతజ్ఞతలు అని రాసిన బ్యానరు పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో వెండి పతకం వచ్చింది. 2015 ప్రపంచ కప్పు ఆమెకు ఆరోది. దేశం తరఫున మొత్తం 205 మ్యాచ్‌లు, 83 గోల్స్.

చివరి ఆట 2015 డిసెంబరు 27న, ఎంప్రెస్ కప్పు ఫైనల్. 78వ నిమిషంలో మళ్ళీ కార్నర్ కిక్కే. 37 ఏళ్ళ సావా ఎగిరి తలతో కొట్టింది. ఆమె జట్టు ఐనాక్ కోబె 1-0తో గెలిచింది.