బిళ్ళ గన్నేరు: పెరటి మొక్క, ఆస్పత్రి మందు



వార్డులో రోగి ప్రక్కన కూర్చున్న బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "సిస్టర్, క్యాన్సరుకు మందు బిళ్ళ గన్నేరు నుండే తీస్తారంట గదా, ఇంట్లో ఆకు రసం తీసి తాగించమంటారా?" షుగరు జబ్బు ఉన్నవారి ఇంట్లోనూ ఈ ఆకు నమిలే అలవాటున్నది. అందుచేత ఈ మొక్కను గూర్చి తెలుసుకొందాము.

మొక్క లక్షణాలు

ఇది రెండు మూడు అడుగుల ఎత్తు పెరిగే చిన్న పొద. ఏడాది పొడవునా పూస్తుంది కనుక నిత్యకల్యాణి అని కూడా అంటారు. ఆకులు నున్నగా, ఎదురెదురుగా ఉంటాయి. నడిమి ఈనె తెల్లగా కనబడుతుంది. పువ్వుకు అయిదు రేకులు. గులాబి రంగు, తెలుపు, ఎర్రని బొట్టుగల తెలుపు రకాలున్నాయి. సన్నని కాయల్లో నల్లని చిన్న గింజలుంటాయి. దీని పుట్టిల్లు మడగాస్కరు దీవి. శాస్త్రీయ నామం కెథరాంథస్ రోజియస్. పూర్వం వింకా రోజియా అనేవారు.

మందు ఎలా దొరికింది?

జమైకా దీవిలో ప్రజలు షుగరు జబ్బుకు ఈ ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుండి ఆకులు కెనడాకు చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు వాటిని పరీక్షించారు. ఎలుకలకు తాగిస్తే వాటి రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఇచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్‌తో చనిపోయాయి. తెల్లకణాలను అణచే ఈ గుణం రక్త క్యాన్సరులో పనికిరావచ్చునని వారు ఆలోచించారు. 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసినట్లు ప్రకటించారు. తరువాత అమెరికాలో ఎలి లిల్లీ కంపెనీవారు విన్‌క్రిస్టిన్ కనుగొన్నారు. 1963లో దానికి అనుమతి లభించింది.

ఈ మందులు క్యాన్సరు కణం రెండుగా చీలకుండా ఆపుతాయి. పిల్లల రక్త క్యాన్సరులో విన్‌క్రిస్టిన్, హాడ్జికిన్ లింఫోమాలో విన్‌బ్లాస్టిన్ ఇతర మందులతో కలిపి వాడతారు. సకాలంలో పూర్తి చికిత్స అందిన పిల్లల్లో చాలామంది నేడు కోలుకొంటున్నారు.

ఆకు రసం ఎందుకు ఇవ్వకూడదు?

1. ఆకులో ఈ మందు అతి స్వల్పం. ఒక్క గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. గుప్పెడు ఆకుతో జబ్బు తగ్గదు.

2. ఆకులో ఇంకా అనేక రసాయనాలున్నాయి. వాటివల్ల వాంతులు, నరాల బలహీనత, రక్తకణాల తగ్గుదల కలుగవచ్చు. గర్భిణీలకు, పసిపిల్లలకు అసలే ఇవ్వరాదు.

3. ఆకును నమ్ముకొని షుగరు మాత్రలు, ఇన్సులిన్ మానేస్తే ప్రాణాపాయం. రెండూ కలిపి వాడితే చక్కెర అకస్మాత్తుగా పడిపోవచ్చు.

4. పేరు చూసి పొరబడవద్దు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు వేరే మొక్కలు. వాటి ఆకు, పువ్వు, గింజ అన్నీ గుండెను ఆపగల విషం. ఎవరైనా తింటే 108కి ఫోను చేసి, ఆ మొక్క రెమ్మ కూడా ఆస్పత్రికి తీసుకొని రండి. బలవంతంగా వాంతి చేయించవద్దు.

మీ రోగికి ఈ మందు ఎక్కిస్తుంటే

విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోనికి మాత్రమే ఇవ్వాలి. సూది పెట్టినచోట మంట, నొప్పి, వాపు కనబడితే ఆ నిమిషమే నర్సును పిలవండి. మందు బయటికి కారితే కండ చెడిపోతుంది. ఇంటికి వెళ్ళిన తరువాత కాళ్ళు చేతులు తిమ్మిరి, దవడ నొప్పి, మలబద్ధకం రావచ్చు. రెండు రోజులు విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బినా, నడక తడబడినా డాక్టరుకు చెప్పండి. జ్వరం వస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే తీసుకొని రండి. జుట్టు రాలితే దిగులుపడవద్దు, సాధారణంగా మళ్ళీ వస్తుంది.

పెంచే విధానం

అందానికి ఈ మొక్కను నిశ్చింతగా పెంచుకోవచ్చు. ఇసుక కలిసిన మట్టి, మంచి ఎండ చాలు. గింజలు పలుచగా చల్లి, పైన సన్నని మట్టి కప్పండి. లేత కొమ్మలు నాటినా బ్రతుకుతుంది. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మట్టి ఆరిన తరువాతనే పోయండి. కొసలు తుంచితే గుబురుగా పెరుగుతుంది. పశువులు దీన్ని మేయవు. తమిళనాడు మొదలైన రాష్ట్రాల్లో మందుల కంపెనీల కోసం పొలాల్లో సాగు చేస్తారు. నాటిన ఆరు, తొమ్మిది నెలలకు ఆకు కోసి, ఏడాదికి వేరుతో సహా త్రవ్వుతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో కుండీని వారికి అందనిచోట ఉంచండి. తుంచిన తరువాత చేతులు కడుక్కోండి.

దేవుడు మన పెరట్లోనే ఇంత మేలైన మొక్కను ఉంచినందుకు ఆయనకు స్తోత్రం. ఇంట్లో ఏ ఆకు మందు వాడుతున్నా దాచకుండా మాకు చెప్పండి, మేము కోపపడము. మీ రోగిని ప్రభువు స్వస్థపరచును గాక.