శ్వాసకు అద్దం

గుండెను సంకల్పమాత్రాన నిలపగలమన్న కొందరు యోగులను వెంగర్, బాగ్చీలు, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్ పరికరాలతో పరీక్షించి, 1961లో ఫలితాలు ప్రకటించారు. నలుగురిలో ముగ్గురు ఊపిరి బిగబట్టి, ఛాతీ, ఉదర కండరాలను బిగించారు. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, మణికట్టు వద్ద నాడి అందకుండా పోయినది. కాని విద్యుత్ హృల్లేఖనంలో స్పందనలు నమోదవుతూనే ఉన్నవి. నాల్గవ వ్యక్తి మాత్రం గుండె వడిని నిజంగానే తగ్గించగలిగాడు. గుండె ఆగలేదన్న వార్తకంటె ఈ అంశమే విలువైనది.

మనసు కలతపడినపుడు వేళ్లు చల్లబడతాయి, అరచేతులు చెమర్చుతాయి, గుండె వడి హెచ్చుతుంది. మామూలుగా గమనానికి రాని ఇటువంటి మార్పులను సైతం గీతగానో, ధ్వనిగానో ఎప్పటికప్పుడు ఆ వ్యక్తికే తెలియజేసి, సరిదిద్దుకొనే నేర్పు అలవరచడమే బయోఫీడ్‌బ్యాక్. అందులో చేతికి చిక్కే పగ్గం శ్వాస. గాలి పీల్చినపుడు గుండె వడి కొంత పెరిగి, విడిచినపుడు తగ్గుతుంది. నిమిషానికి 6 శ్వాసల దరిదాపున చాలామంది పెద్దలలో ఈ హెచ్చుతగ్గులు అత్యధికమవుతాయి. రక్తపోటును సరిచూచే నాడీవ్యవస్థకు అది మంచి వ్యాయామం.

ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2001లో వెలువరించిన పరిశీలనలో క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన, ‘ఓం మణిపద్మే ఓం’ మంత్రజపం రెండూ శ్వాసను ఇంచుమించు ఈ సంఖ్యకే చేర్చినవి. మతాలు వేరైనా ఊపిరితిత్తుల లెక్క ఒక్కటే!

అభ్యాసానికి ఖరీదైన యంత్రమే ఉండాలని లేదు. సెకన్ల ముల్లున్న గడియారం చూచుకొంటూ 4 సెకన్లు పీల్చి, 6 సెకన్లు విడువవచ్చు. బలవంతంగా లోతుగా పీల్చితే తల తిరుగుతుంది. అప్పుడు ఆపి, మామూలుగా ఊపిరి తీయాలి. నిద్రను, చదువును చెడగొట్టే ఆందోళన వారాల తరబడి వదలకున్నచో వైద్యునికి చూపించుకొనవలసినదే.